నోటరీ ముద్ర పడితే విడాకులు అయిపోవు

ఈ సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో బంధువుల ఇంటికి వెళితే, నా చేతికి వంద రూపాయల స్టాంపు కాగితం ఇచ్చి సాక్షి సంతకం పెట్టమన్నారు. భార్యాభర్తలు ఇష్టపూర్వకంగా విడిపోయారనీ, ఒకరిపై ఒకరికి ఇకమీదట ఎట్టి హక్కులూ లేవనీ, భార్య మనోవర్తి కోరదనీ అందులో టైపు చేయించి ఉంది. నేను పెట్టనన్నాను. నోటరీ చేయిస్తే విడాకులు అయిపోయినట్లేననీ, కోర్టుకెక్కితే పదేళ్ళు తిరగడం, పరువు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదనీ ఆ ఇంటి పెద్దాయన నచ్చజెప్పబోయారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి కూడా "పెట్టెయ్యండి పిన్నీ, ఈ గొడవ వదిలిపోతుంది" అంది. అది విన్నప్పటినుంచి నా కోపం చల్లారడం లేదు.

ఆ గొడవ వదిలిపోదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్ళిని రద్దు చేసేది కోర్టు ఇచ్చే డిక్రీ మాత్రమే. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతిని 29వ సెక్షన్ గుర్తిస్తుంది కాని, అటువంటి ఆచారం తమలో నిజంగా ఉందని చెప్పుకునేవారే దానిని రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. తెగతెంపుల కాగితం రాసుకున్నంత మాత్రాన ఆచారం పుట్టుకురాదు. రేపు ఈ కాగితాన్ని నమ్ముకొని ఆ అమ్మాయి మరో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు సరికదా, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడగల నేరమవుతుంది. అప్పుడు ఈ పెద్దలలో ఎవరు వచ్చి బోనులో నిలబడతారు?

ఇద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్నప్పుడు కోర్టంటే ఎందుకింత భయం? పరస్పర అంగీకార విడాకుల కోసం 1976లోనే హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్ చేర్చారు. ఏడాదిపాటు దాంపత్యం లేకుండా వేరుగా ఉంటే చాలు, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయవచ్చు. ఆరు నెలలు గడిచాక, పద్దెనిమిది నెలలలోపు, మళ్ళీ హాజరై తమ నిర్ణయం మారలేదని చెబితే, విచారణ జరిపి కోర్టు డిక్రీ ఇస్తుంది. రాజీకి అవకాశం లేదని తేలి, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి విషయాలన్నీ తేల్చుకున్నవారికి ఆ ఆరు నెలల గడువును కూడా తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మధ్యలో మనసు మారితే సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉంది. స్టాంపు కాగితం రాయించేవారికి నచ్చనిది బహుశా ఇదే. పరువు సంగతంటారా, 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణ బయటివారు లేకుండా జరగాలి, వివరాలు పత్రికలలో అచ్చు వేయకూడదు. వీధి వీధంతా కూర్చొని ఆడపిల్ల కాపురం గురించి తీర్పు చెప్పే పంచాయితీలో ఆ మాత్రం మర్యాదైనా ఉందా?

ఒకరు ఒప్పుకోనప్పుడు వాయిదాల మీద వాయిదాలు పడి ఏళ్ళు గడుస్తాయన్నది నిజమే, దాన్ని నేను కాదనను. అయితే ఆ ఏళ్ళన్నీ ఆమె పస్తులుండనక్కరలేదు. కేసు నడుస్తుండగానే 24వ సెక్షన్ కింద మధ్యంతర మనోవర్తి అడగవచ్చు. నోటీసు అందిన అరవై రోజులలోపు వీలైనంతవరకు దానిని తేల్చాలని చట్టమే చెబుతోంది. 2003 సవరణ తరువాత భార్య తాను ఉంటున్న ఊరిలోనే పిటిషన్ వేసుకోవచ్చు. ఇక మనోవర్తి కోరనని రాయించుకోవడం గురించి తప్పక చెప్పాలి: ఒకేసారి కొంత డబ్బు పుచ్చుకొని, ఇకమీదట అడగనని రాజీ రాసిచ్చిన భార్యకు కూడా హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద దావా వేసే హక్కు పోదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ కాగితాల మీద నా కోపం ఈనాటిది కాదు. మా పెదనాన్నగారి అమ్మాయి చేత ఏళ్ళ క్రితం ఇటువంటి దానిమీదే సంతకం పెట్టించారు. పసుపు కుంకుమల కింద తెనాలి దగ్గర ఇచ్చిన మాగాణిని అప్పటికే అమ్మించి, ఆ సొమ్ముతో అత్తింటివారు విజయవాడలో తమ పేరున ఫ్లాటు కొనుక్కున్నారు. సారెతో పంపిన బంగారం వారి బీరువాలోనే ఉండిపోయింది. స్త్రీధనం పూర్తిగా ఆమె సొత్తేననీ, భర్త చేతిలో ఉన్నా అది అతనిది కాదనీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అంతెందుకు, కట్నంగా ఇతరులు పుచ్చుకున్న సొమ్మును కూడా మూడు నెలలలోపు ఆమెకు బదలాయించాలని, అంతవరకు ఆమె మేలు కోసం దాచి ఉంచినట్లే భావించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. ఆ పంచాయితీలో కూర్చున్నవారిలో ఒక్కరైనా ఫ్లాటు గురించి గాని, బంగారం గురించి గాని నోరెత్తలేదు. అక్క ఎప్పుడు సంతకం పెడుతుందా, ఎప్పుడు భోజనాలకు లేద్దామా అన్నదే వారి తొందర.

స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెట్టించే ఏర్పాటు 1987 నాటి చట్టంలో ఉంది; అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు ఇస్తే చాలు. అక్కకు ఆనాడు ఆ మాట చెప్పి ఉండవలసింది పెద్దమనుషులమని పంచాయితీకి వచ్చి కూర్చున్నవారే.