ప్రశ్న అడిగితే సమాధానం చెప్పేస్తారా?

విజయనగరంలో ఈమధ్య మర్యాద తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. రుజువు కావాలంటే మీ వీధి వాట్సాప్ గ్రూపు తెరిచి చూడండి. పాపం ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు. పట్టుమని పది నిమిషాలు కాకుండానే ఎవడో ఒకడు దానికి సమాధానం చెప్పేస్తాడు. అడిగినాయన మనసు ఎంత నొచ్చుకుంటుందోనన్న ఆలోచనే ఉండదు.

మొన్న ఒక పెద్దమనిషి "భోగాపురం వైపు స్థలం కొనడం మంచిదేనా? అనుభవజ్ఞులు చెప్పగలరు" అని పెట్టారు. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆ మాట అనలేదు గానీ, కింద పెట్టిన ఫొటోలో స్థలం చుట్టూ రాళ్లు పాతి ఉన్నాయి, ఈశాన్యం రాయికి పసుపు కూడా రాసి ఉంది. కళ్లున్నవాడికి ఇంకేం కావాలి? "శుభం" అంటే సరిపోయేది. కానీ ఒక కుర్రాడు లింకు డాక్యుమెంట్లు చూశారా, స్థలం మీద తాకట్లేమీ లేవని చూపే ఈసీ తీశారా, లేఔటుకు అప్రూవల్ ఉందా అని మొదలుపెట్టాడు. అక్కడి విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన జరిగిందని కూడా గుర్తుచేశాడు. "నెగెటివ్‌గా మాట్లాడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు" అని పెద్దమనిషి బాధపడ్డారు. బాధపడరా మరి? ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచేశాక "అమ్మాయీ, నీకు ఇష్టమేనా?" అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలో ఊరందరికీ తెలుసు. ఆ కుర్రాడికి తెలియలేదు.

ఇందులో ముందుచూపు కూడా ఉంది, దాన్ని మనం గౌరవించాలి. రేపు ఆ స్థలం మీద కోర్టు కేసు బయటపడిందనుకోండి. "నేనొక్కణ్ణే కొన్నానా? అందర్నీ అడిగే కొన్నాను" అని ఇంట్లో ఆవిడకు చెప్పుకోవాలి కదా. అందుకు సాక్షులు కావాలి. సాక్షి సంతకం పెట్టమంటే దస్తావేజు చదవడం మొదలుపెడితే ఎలా?

ఇంకో రకం ప్రశ్న సమాచారం ఇవ్వడానికి పుడుతుంది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరుగుతుంది. "ఈసారి సిరిమాను ఎక్కడినుంచి చూస్తే బాగుంటుంది?" అని ఒకావిడ అడుగుతారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి తొందరపడక్కర్లేదని ఒకరు, మూడు లాంతర్ల దగ్గర తొక్కిడి ఎక్కువని ఒకరు, పిల్లలుంటే కాస్త వెనకగా నిలబడమని ఇంకొకరు శ్రద్ధగా రాస్తారు. అంతా విని ఆవిడ, "మా ఆడపడుచు వాళ్ల మేడ సరిగ్గా ఆ దారిలోనే ఉందిలెండి" అంటారు. చెప్పదలచుకుంది అదే. నేరుగా చెబితే గొప్పలు పోయినట్టుంటుంది. మానుకు కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో కనబడి చెబుతుందంటారు. దేవత కాబట్టి సూటిగా చెప్పేస్తుంది. మనుషులకు అంత సౌకర్యం ఎక్కడిది?

ఈ విద్యకు మూలపురుషుడు ధృతరాష్ట్రుడని నా నమ్మకం. నిద్ర పట్టక విదురుణ్ణి పిలిపించి, ఏం చేయమంటావని అడిగాడు. విదురుడు రాత్రంతా నీతి చెప్పాడు. చాలక సెకండ్ ఒపీనియన్ కోసం సనత్సుజాతుడనే మహర్షిని కూడా రప్పించారు. రాజుగారు మధ్యలో, నువ్వు చెప్పేది నిజమే గానీ దుర్యోధనుడు గుర్తొస్తే నా బుద్ధి మళ్లిపోతోందని ఒప్పుకున్నాడు కూడా. తెల్లారింది, యుద్ధం ఆగలేదు. అయినా ఆయన్ని మెచ్చుకోవాలి. మొత్తం విన్నాడు. మనవాళ్లు "రీడ్ మోర్" దగ్గరే ఆగిపోతారు.

సైన్సు కూడా ఈ విషయంలో చేయి పెట్టింది. పీటర్ వేసన్ అనే ఇంగ్లిషు మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగం ప్రచురించాడు. రెండు, నాలుగు, ఆరు అనే అంకెలిచ్చి, వీటి వెనక సూత్రమేమిటో మీరూ అంకెలు చెబుతూ కనిపెట్టండన్నాడు. చాలామంది రెండేసి పెరుగుతున్నాయని ముందే అనుకుని, ఎనిమిది, పది, పన్నెండు అంటూ తమ ఊహకు సరిపోయేవే అడిగారు. అసలు సూత్రం అంకెలు పెరుగుతూ పోవడం, అంతే. ఒకటి, రెండు, తొంభై అన్నా చెల్లేది. తప్పని తేలే ప్రశ్న అడగబుద్ధి కాలేదు వాళ్లకి. మనవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. గ్రూపులో అడిగే ముందే బావమరిదికి ఫోన్ చేసి, "నేను పెట్టగానే నువ్వు ఔనను" అంటారు.

అన్నిటికీ తలమానికం బొబ్బిలి యుద్ధం. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల మధ్య 1757 జనవరిలో ముగిసిన యుద్ధం మా జిల్లాలో ఇంకా వారానికోసారి జరుగుతుంది. "తప్పెవరిదో నిజాయితీగా చెప్పండి" అని అడిగినాయన ఏ ఊరివాడో ఆ "నిజాయితీగా" అన్నచోటే తెలిసిపోతుంది. ఒకసారి ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ నిజంగానే చెప్పబోయారు. ఉత్తర సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికి రావడం, వాళ్ల సేనాని బుస్సీకి శిస్తు రాబడి అవసరం, శ్రీకాకుళం సర్కారు ఇజారా, అంటే శిస్తు వసూలు గుత్త, విజయనగరం రాజు విజయరామరాజు పుచ్చుకోవడం, పొరుగు సంస్థానంతో పాత పగ, ఆఖరికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి చొరబడి విజయరామరాజును చంపడం, అన్నీ వరసగా రాశారు. అడిగినాయన ఒక్క ముక్కలో తేల్చారు: "మాస్టారూ, ఇదంతా కాదండీ. ఇంతకీ మీది ఏ ఊరు?"

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఓటరు జాబితాలాగా సమాధానం చెప్పేవాళ్ల జాబితా ఒకటి తయారుచేసి, వాళ్లకు శిక్షణ ఇప్పించాలి. "తప్పుగా అనుకోకండి", "నాకొక్కడికేనా ఇలా అనిపిస్తోంది", "తెలియక అడుగుతున్నా" అనే మాటలు కనబడగానే కీబోర్డు మీంచి వేళ్లు తీయడం వాళ్లకు నేర్పాలి. మొదటి విడతలో ఆ ఈసీ కుర్రాణ్ణి చేర్చుకోవాలి.

లెక్చరర్ గారికి మాత్రం శిక్షణ అక్కర్లేదు. ఆయన ఇప్పుడు ఏ ప్రశ్నకైనా రెండు దణ్ణాల బొమ్మలు పెట్టి ఊరుకుంటున్నారు. బొబ్బిలి సంగతి అడిగినాయనే మొన్న సంతలో కనబడి, "ఏటి మాస్టారూ, ఈమధ్య మీరు రాసేవి బాగా లోతుగా ఉంటన్నాయి" అన్నారట.