కాలువ చివరి పొలం

నేపాల్ కొండల్లో రైతులే తవ్వుకుని, రైతులే చూసుకునే సాగు కాలువలు వేలల్లో ఉన్నాయి. ఏటి నీటిని కాలువలోకి మళ్ళించడానికి రాళ్ళు, మట్టి, చెట్టు కొమ్మలతో అడ్డుకట్ట వేస్తారు. వరదొస్తే కొట్టుకుపోతుంది. మళ్ళీ అందరూ ఏట్లోకి దిగి కట్టుకోవాలి. అది చూసిన వాళ్ళెవరికైనా ముందు తోచేది ఒకటే: సిమెంటు కట్ట పోస్తే ఈ బాధ తీరిపోతుంది కదా!

చాలాచోట్ల పోశారు కూడా. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినోర్ ఆస్ట్రమ్, ఆమె సహచరులు అక్కడి కాలువలను వందకు పైగా పోల్చి చూశారు. ప్రభుత్వ ఇంజనీర్లు కట్టి నడిపే వాటికన్నా రైతులు నడుపుకునేవే మొత్తం మీద బాగా పనిచేస్తున్నాయి. చివరి పొలాలకు నీళ్ళు అందేదీ వాటిలోనే ఎక్కువ.

కారణం ఏట్లోనే ఉంది. ఎగువ రైతుకు నీళ్ళు ముందే అందుతాయి, దిగువ రైతుకు మిగిలితేనే. అయినా ఎగువ రైతు చూసి వాడుకుని కిందికి వదిలేవాడు. కట్ట తెగిన రోజున దిగువవాళ్ళు వచ్చి చెయ్యి వేస్తే తప్ప అది మళ్ళీ లేవదు మరి. సిమెంటు కట్ట వచ్చాక వాళ్ళతో పని తీరిపోయింది. నీళ్ళూ పైనే ఆగిపోయాయి.

కష్టమే మంచిదని నేననడం లేదు. నడుములు విరిగే చాకిరీని దూరాన కూర్చుని పొగడటం తప్పు. కట్ట పోయాల్సిందే. కానీ పోయకముందే నీటి వంతులు తేల్చి ఉండాల్సింది. కట్టకు ఎంత సిమెంటు పడుతుందో లెక్క వేశారు గానీ, ఆ కట్ట చుట్టూ అల్లుకున్న ఒప్పందాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

హర్యానాలోని సుఖోమాజ్రీలో ఆ లెక్క కుదిరింది. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడిపోతుంటే ఆ మట్టి ఎక్కడిదని ఆరా తీశారు. పశువులు మేసి మేసి బోడి చేసిన ఈ ఊరి కొండలు కనిపించాయి. 1970ల్లో చిన్న మట్టి కట్టలు కట్టి వాన నీళ్ళు ఆపారు. కొండ మీద మేత మాత్రం ఆగాలి. భూమి లేని మనిషి తన మేకలను ఎందుకు ఆపుకుంటాడు? పొలం ఉన్నా లేకపోయినా ప్రతి కుటుంబానికీ నీటిలో సమాన వాటా ఇచ్చారు. అక్కర్లేని వాళ్ళు తమ వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చన్నారు. అప్పుడు కొండకు ఊరంతా కాపలా కాసింది. గడ్డి పెరిగింది, పంటలు పెరిగాయి, పాడి పెరిగింది.

ఊరుమ్మడి వాటిని ఇలా వంతులేసుకోవడం పేద ఊళ్ళకే పరిమితమైన సంగతీ కాదు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ ఊళ్ళో 1517 నాటి నియమం ఒకటుంది: చలికాలమంతా ఎన్ని ఆవులను మేపగలవో, ఉమ్మడి బీడుకు అన్నిటినే తోలు.

ఊళ్ళకు దూరం నుంచి సాయం చేసే మనలాంటి సంఘాలు అంచనా ఖర్చు అడుగుతాయి, ఫొటోలు అడుగుతాయి. డబ్బు వృథా కాకూడదన్న టెన్షన్ మనకూ ఉంటుంది, తప్పులేదు. నేను కోరేది ఇంకో రెండు ప్రశ్నలు. ఈ నీటిలో ఆఖరి వంతు ఎవరిది? పని మొదలుపెట్టాలని తీర్మానించిన రోజున ఆ మనిషి మీటింగులో ఉన్నాడా? లేడంటే ఆయనతో మాట్లాడేదాకా చెక్కు ఆపుదాం. నెల ఆలస్యమైనా సరే.