ఫస్ట్ డ్రాప్ గారికి క్షమాపణలతో

మహారాజశ్రీ ఫస్ట్ డ్రాప్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెట్టాలి గానీ, కుశలమంతా మీ పక్కనే ఉంది. నా దగ్గర మిగిలింది ఉపరి ఒక్కటే.

పదిహేనేళ్లుగా రమ్మీ ఆడుతున్నాను. పెళ్లి విడిదిలో, సంక్రాంతికి అత్తారింటి అరుగు మీద, రాత్రి రైల్లో బెర్తు మీద తువ్వాలు పరిచి. ఇన్నేళ్లలో మిమ్మల్ని పలకరించింది పట్టుమని పదిసార్లు లేదు. మీరు అడిగేది 20 పాయింట్ల జరిమానా. పదమూడు ముక్కలూ చూసుకుని, బాగోలేదనుకుంటే మొదటి ముక్క ఎత్తకముందే మూసి కింద పెట్టెయ్యడం, అంతే. పేకాటలో ఇంత తక్కువకి మనిషిని వదిలిపెట్టే పెద్దమనిషి ఇంకొకరు లేరు. నాకేమో మీరు పిరికివాళ్ల చుట్టంలా కనిపించారు.

మొన్నటి శివరాత్రి సంగతి చెప్పాలి. మేడ మీద చాప, ఆరుగురం, రెండు పేకలు, పాయింటుకు 5 రూపాయలు. పేరుకి జాగారం. మొదటి పంపకంలోనే నాకు ఇస్పేటు రాజు, రాణి వచ్చాయి. మిగతా పదకొండూ ఒకదాని మొహం ఒకటి చూడనివి. జోకరు లేదు. మీరు చెవి దగ్గరకొచ్చి "100 రూపాయలిచ్చి పక్కకు జరుగు నాయనా" అన్నారు. విన్నాను. కానీ రాజూ రాణీ పక్కపక్కన నిలబడితే విడదీయడానికి చేతులెలా వస్తాయండీ? జాకీ పడితే లైఫ్, అంటే జోకరు సాయం లేకుండా ఒకే గుర్తులో వరసగా మూడు ముక్కలు. ఆసు పడినా లైఫే.

ఒక జాకీని ఎదురుగా కూర్చున్నాయన పారేస్తే, నా వంతు వచ్చేలోపు దాని మీద ఇంకో ముక్క పడింది. రెండోదాన్ని మా చిన్న మావయ్య ఎత్తుకున్నాడు. రెండూ నా కళ్ల ముందే జరిగాయి. అయినా జాకీ కోసమే లాగుతున్నాను.

మధ్యలో మీ తమ్ముడు మిడిల్ డ్రాప్ వచ్చి 40 అన్నాడు. ఇరవైకే తప్పుకోనివాణ్ని నలభైకి తప్పుకుంటానా! ఈలోపు ఎవరో ముక్కలన్నీ కుదిరి షో చెప్పారు. లైఫ్ లేదు కాబట్టి చేతిలో ఉన్నదంతా లెక్కకొచ్చింది, మొత్తం 97. ఫుల్ కౌంట్ 80 దగ్గర ఆపుతారు గనక 17 పాయింట్లు మిగిలాయి. ఆ రాత్రి నేను సంపాదించింది అదే.

తెల్లారేసరికి ఇలాంటివి ఆరు. ఆరు నాలుగొందలు 2400. ఆరుసార్లూ మీ మాట వింటే 600తో పోయేది.

మా చిన్న మావయ్య మీ పరమభక్తుడు. పది పంపకాల్లో నాలుగైదు మీ పేరు చెప్పి మూసేస్తాడు. మూసేసి, ఉడికించిన చిలగడదుంప తొక్క తీసుకుంటూ, ఎవరు ఏది ఎత్తుతున్నారో, ఏది పారేస్తున్నారో చూస్తూ కూర్చుంటాడు. ఆయన్ని 'డ్రాపుల మావయ్య' అని వెక్కిరిస్తాం. ఆ వెక్కిరింతకు ఏటా డబ్బులు కట్టుకునేది మేమే.

ఇంకో నిజం ఒప్పుకోవాలి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1960లలోనే, మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అంది. మూడు ముక్కలాటను మాత్రం వట్టి అదృష్టానికి వదిలేసింది. ఆ తీర్పును నేను చాప మీద కూర్చున్న ప్రతిసారీ చదివి వినిపిస్తాను. అందులో నైపుణ్యం ఆటలో ఉందనే ఉంది, నాలో ఉందని ఎక్కడా లేదు.

అయినా తప్పంతా నాదేనంటే ఒప్పుకోను. మీరు చేసిన మేలు కంటికి కనబడదు. మీవల్ల మిగిలిన 300 ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? నాలుగేళ్ల కిందట ఒక్క జోకరూ లేని చెత్త ముక్కలతో దిగి నేను గెలిచిన ఆట మాత్రం మా ఆఫీసు వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ఆ ఒక్క ఆట మీకు బద్ధశత్రువు. దాని ఖరీదు ఇప్పటికి ఎంతయిందో డైరీలో రాద్దామని మొదలుపెట్టి, రెండో పేజీలో ఆపేశాను. టెన్షన్ వచ్చింది.

వచ్చే శివరాత్రికి మొదటి పంపకం నుంచే మీ శరణు వేడుతాను. మాటంటే మాటే. చేతిలో ఒక్క జోకరు ఉంటే మాత్రం తమరు కాసేపు మెట్ల మీద ఆగండి, నేనే పిలుస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఇస్పేటు జాకీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాడు