పళ్లు చూసి విడదీసినంత తేలిక కాదు

ప్రకాశం జిల్లాలో తిరునాళ్ల రోజుల్లో ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు. పోటీకి ముందు కమిటీవాళ్లలో ఒకాయన ఎద్దు మూతి పైకెత్తి, పెదవి వెనక్కి లాగి, వయసు తేల్చడానికి పళ్లు లెక్కపెడతాడు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, తర్వాత నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. విభాగం మారితే లాగాల్సిన బండ బరువూ మారుతుంది. పాలపళ్ల గిత్తల్ని తెచ్చి సీనియర్లు లాగే బండకు కట్టమంటే ఏ రైతూ ఒప్పుకోడు. అందరికీ ఒకే బండ పెడితే అది పోటీయే కాదని ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఆటల్లో ఆడవాళ్లకు వేరే విభాగం పెట్టింది కూడా ఇందుకే. ఆ విభాగంలో ట్రాన్స్‌జెండర్ మహిళలకు, అంటే మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్లుగా బతుకుతున్నవాళ్లకు, చోటు ఉండాలా అన్నదే ఇప్పటి వివాదం. మగవాళ్ల వంద మీటర్ల ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు, ఆడవాళ్లది 10.49. హైజంప్‌లో 2.45 మీటర్లు, 2.10 మీటర్లు. షాట్‌పుట్‌లో మగవాళ్ల గుండు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. అంత దూరం ఎందుకు, మన కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగులోనే అబ్బాయిలు వంద మీటర్లు 15 సెకన్లలో దాటాలి, అమ్మాయిలకు 18 సెకన్లు ఇస్తారు. ఆ మూడు సెకన్లు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

చాలా ఏళ్లు పీఈటీగా పనిచేసినవాణ్ని. ఆరో తరగతిలో పరుగు పెడితే ముందు వచ్చేవాళ్లలో సగం మంది ఆడపిల్లలే ఉండేవాళ్లు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ అబ్బాయిలే వాళ్లను దాటేసి ఎక్కడో ఉండేవాళ్లు. ఆడపిల్లలు ప్రాక్టీసు మానేశారా అంటే, కొందరు మానేశారు, నిజమే. మానని వాళ్ల పరిస్థితీ అంతే. ఆ మూడేళ్లలో అబ్బాయిల ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరుగుతుంది. ఎత్తు, ఎముకల పొడవు, భుజాల వెడల్పు, గుండె, ఊపిరితిత్తుల పరిమాణం, కండ, రక్తంలో హిమోగ్లోబిన్ అన్నీ దాంతోపాటే పెరుగుతాయి.

ట్రాన్స్‌జెండర్ మహిళలు ఆడవాళ్ల విభాగంలో పోటీ పడవచ్చా అన్న వివాదమంతా ఈ యవ్వన దశ చుట్టూనే తిరుగుతోంది. ఆ దశ దాటాక హార్మోన్ చికిత్స తీసుకుంటే పెరిగినదంతా వెనక్కి పోతుందా? కొంత పోతుంది. హిమోగ్లోబిన్ మూడు నాలుగు నెలల్లోనే ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. కండబలం మాత్రం ఏడాది చికిత్స తర్వాత కూడా సుమారు 5 శాతమే తగ్గుతున్నట్టు పరిశోధనల సమీక్షల్లో తేలింది. అమెరికా వైమానిక దళంలోని ట్రాన్స్ మహిళల రికార్డులు చూస్తే, రెండేళ్ల చికిత్స తర్వాత కూడా పరుగులో తోటి మహిళల కంటే దాదాపు 12 శాతం వేగంగా ఉన్నారు. పెరిగిన ఎత్తు, పొడుగైన ఎముక ఎలాగూ తగ్గవు. ఈ పరిశోధనల్లో చాలావాటికి ఒక లోటుంది. అవి అగ్రశ్రేణి క్రీడాకారుల మీద చేసినవి కావు. ఆ మాట ఒప్పుకుంటూనే, ఉన్న ఆధారాలు ఎటు చూపిస్తున్నాయో స్పష్టంగానే ఉందంటాను.

అందుకే 2022లో ప్రపంచ ఈత సమాఖ్య, 2023 మార్చిలో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య, అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ), మగ యవ్వన దశ దాటిన ట్రాన్స్ మహిళలను అంతర్జాతీయ స్థాయి మహిళల పోటీలకు అనుమతించబోమన్నాయి. ఈ నిర్ణయాలు సరైనవేనని నా నమ్మకం. ఫైనల్‌లో ఎనిమిది లేన్లే ఉంటాయి. అందులో ఒకటి పోయిందంటే ఎక్కడో ఒక అమ్మాయి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పరిగెత్తిన అమ్మాయి, తొమ్మిదో స్థానంలో ఆగిపోయినట్టే. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉద్యోగం ఆ స్థానం మీదే ఆధారపడి ఉంటాయి. ఆ పిల్లకు న్యాయం చేయాలనుకోవడం ట్రాన్స్‌జెండర్లను ద్వేషించడం కాదు.

గీత గీయడం వరకు నాకు పేచీ లేదు. గీతకు ఇవతల ఎవరు, అవతల ఎవరు అని తేల్చే తీరు దగ్గరే నాకు భయం.

మార్కాపురం వైపు ఒకసారి మండల స్థాయి కబడ్డీ పోటీలు. మా జట్టులో ఒక పిల్ల ఉండేది. పొడుగు, నల్లటి మనిషి, క్రాఫు చేయించుకుని ఉంది, పై పెదవి మీద నూగు కనిపిస్తుంది. రెండు రైడ్లలో నలుగురిని ఔట్ చేసి వచ్చింది. అంతే, అవతలి జట్టు పెద్దమనిషి ఒకాయన లేచి, "సారూ, ఇదేంది, మొగపిల్లోడికి నిక్కరేసి తీసుకొచ్చారా?" అన్నాడు. గ్రౌండ్ చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. స్టడీ సర్టిఫికెట్ చూపించాను, ఆధార్ జిరాక్స్ చూపించాను. "కాగితాలు ఎవడైనా పుట్టిస్తాడు. మేడమ్‌ను పిలిచి గదిలోకి తీసుకెళ్లి చూడమనండి" అన్నాడాయన. ఆ మాట పూర్తి కాకముందే ఆ పిల్ల కోర్టులోంచి బయటికి నడిచింది. చెట్టు కింద కూర్చుని మోకాలికి అంటిన మట్టిని గోటితో గీకుతూ ఉండిపోయింది. ఎవరూ ఆమెను గదిలోకి తీసుకెళ్లలేదు, నేను పోనివ్వలేదు. కానీ ఆమె మళ్లీ ఆడలేదు. మరుసటి ఏడాది పేరు ఇవ్వమంటే, "మా అమ్మ వద్దంది సార్" అంది. అప్పీలు చేసి ఆ పెద్దమనిషిని గ్రౌండ్ నుంచి బయటికి పంపించాల్సింది. ఆ పని నేను చేయలేదు, ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ఆ పిల్ల ట్రాన్స్‌జెండర్ కాదు. మామూలు ఆడపిల్ల. ఎద్దు పళ్లు పదిమందిలో లెక్కపెట్టవచ్చు. ఆడపిల్ల ఒంటి దగ్గరికి ఆ చెయ్యి రాకూడదు.

పెద్ద స్థాయిలో జరిగింది ఇంతకంటే ఘోరం. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ పోటీల్లో మహిళా అథ్లెట్లను డాక్టర్ల ముందు బట్టలు విప్పి నిలబెట్టారు. తర్వాత క్రోమోజోమ్ పరీక్షలు వచ్చాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ పరీక్ష తప్పిన 8 మందిని చివరికి ఆడనివ్వాల్సి వచ్చింది. ఎందుకంటే మగ జన్యువు ఉన్నంత మాత్రాన ఒంటికి ఆ బలం వచ్చి తీరాలని లేదు. టెస్టోస్టెరాన్‌కు శరీరం అసలు స్పందించని వాళ్లుంటారు. 1999లో ఆ పరీక్షలు ఆపేశారు. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఆ మగ జన్యువు (ఎస్ఆర్‌వై) ఉందో లేదో చూసే పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు, లేదా రక్తం తీస్తారు, జీవితంలో ఒక్కసారే. గ్రౌండ్‌లో వేలు చూపించే పద్ధతి కంటే అందరికీ ఒకేలా చేసే ఈ పరీక్ష నయమే. కానీ ఫలితం ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి నోట బయటపడుతుంది?

పక్కనున్న తమిళనాడు పరుగుల క్రీడాకారిణి శాంతి సౌందరరాజన్‌ను తలుచుకోండి. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందని పతకం లాక్కున్నారు. ఆమె ఒంటి సంగతి దేశమంతా టీవీల్లో చర్చించింది. తర్వాత ఇటుక బట్టీలో కూలిపని చేయాల్సి వచ్చింది. 2014లో ఒడిశా పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను టెస్టోస్టెరాన్ ఎక్కువుందని కామన్వెల్త్ క్రీడలకు పంపలేదు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నిబంధనను నిలుపుదల చేయించింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. వీళ్లిద్దరూ ట్రాన్స్‌జెండర్లు కారు, పుట్టింది మొదలు ఆడపిల్లలుగా పెరిగినవాళ్లే. మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ఆడపిల్లల్నీ, ట్రాన్స్‌జెండర్లనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖెలీఫ్‌ను ట్రాన్స్‌జెండర్ అని తిట్టినవాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఆమె కూడా ఆడపిల్లగా పుట్టి పెరిగినామే.

ఇక ట్రాన్స్ మహిళలు ఆటలన్నీ దోచేసుకుంటున్నారన్న భయం సంగతి. టోక్యో ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌కు వచ్చిన న్యూజిలాండ్ క్రీడాకారిణి లారెల్ హబ్బర్డ్ మూడు ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా బరువు ఎత్తలేకపోయింది. 2023లో బెర్లిన్ ఈత పోటీల్లో అందరి కోసమని ఓపెన్ విభాగం పెడితే ఒక్క ఎంట్రీ రాలేదు. 'చూశారా, వాళ్లకు ఆడాలని లేదు' అన్నవాళ్లున్నారు. కొత్త విభాగంలో నిలబడి నేను ఫలానా అని లోకానికి చాటుకోవాలంటే ఎంత గుండె కావాలో వాళ్లు ఆలోచించలేదు. పైగా అక్కడిదాకా రావడానికి చిన్నప్పటి నుంచి ఆడి ఉండాలి కదా.

రెండేళ్ల కిందట పినాకిని రైల్లో నెల్లూరు దాటాక ఒక ట్రాన్స్‌జెండర్ అమ్మాయి డబ్బులడుగుతూ వచ్చింది. నా సంచికి వేలాడుతున్న విజిల్ చూసి, "డ్రిల్లు సారా మీరు?" అని ఆగింది. "నేనూ వాలీబాల్ ఆడేదాన్ని సార్. మా స్కూల్లో స్మాష్ కొట్టేది నేనే. తొమ్మిదిలో మానేశా" అంది. ఎందుకమ్మా అంటే, "డ్రెస్ మార్చుకునే చోట నన్ను బతకనీలేదు" అంది. మా సీట్లో ఉన్నవాళ్లు తల తిప్పుకున్నారు. ఆమె తన కుడిచెయ్యి పైకెత్తి స్మాష్ కొట్టే తీరు చూపించింది. మణికట్టు సరిగ్గా విరిచింది. మరిచిపోలేదన్నమాట.

ఆమెను ఒలింపిక్స్ మహిళల జట్టులో ఆడించమని నేను అడగను. కానీ ఆమెకు తొమ్మిదో తరగతిలో తలుపు గడియ పడే గది ఒకటి ఉంటే సరిపోయేది. కేరళ 2017లో తిరువనంతపురంలో ట్రాన్స్‌జెండర్లకు రాష్ట్ర స్థాయి అథ్లెటిక్స్ పోటీలు పెట్టింది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఏడాదికి ఒక రోజు అలాంటివి పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

స్కూలు ఆటలకు ప్రపంచ సమాఖ్యల నియమాలు తెచ్చి అతికించకూడదు. పన్నెండేళ్ల లోపు పిల్లల దగ్గర ఈ ప్రశ్నే అనవసరం, అందరినీ ఆడనివ్వాలి. అండర్-17, అండర్-19లో పై స్థాయికి ఎంపికలు జరిగేచోట అనుమానం వస్తే, అది రాతపూర్వకంగా రావాలి. రాసినవాళ్లు కింద సంతకం పెట్టాలి. జిల్లా స్థాయిలో ఒక మహిళా డాక్టర్, తల్లిదండ్రులు, ఒక అధికారి తప్ప ఇంకో మనిషికి ఆ సంగతి తెలియకూడదు. ఫిర్యాదు తేలేదాకా ఆ పిల్ల ఆడుతూనే ఉండాలి. గ్రౌండ్‌లో నోటితో అరిచినవాళ్ల జట్టుకు పాయింట్లు కోయాలి. ఇదంతా రాస్తే ఒక పేజీ దాటదు. క్రీడా ప్రాధికార సంస్థ, విద్యాశాఖ కలిసి ఆ ఒక్క పేజీ సర్క్యులర్ పంపిస్తే చాలు. మండల పోటీల్లో మొదటి విజిల్ ఊదే లోపే అది ప్రతి పీఈటీ జేబులో ఉండాలి.