హోర్టెన్ 229: హిట్లర్ స్టెల్త్ ఫైటర్ అంటూ తిరుగుతున్న మెసేజ్‌లో నిజమెంత

హిట్లర్ దగ్గర 1945లోనే రాడార్‌కి దొరకని ఫైటర్ ఉందంట, దాన్ని కాపీ కొట్టే అమెరికా వాళ్ళు బీ-2 స్టెల్త్ బాంబర్ చేశారంట, ఇంకో ఆరు నెలలు టైం దొరికితే జర్మనీ గెలిచేసేదంట. ఆ విమానం పేరు హోర్టెన్ 229. ఫొటో చూస్తే ఎవరైనా నమ్మేస్తారు లెండి, తోక లేదు, మొత్తం రెక్కే.

ముందు స్టెల్త్, అంటే రాడార్‌కి దొరక్కుండా ఎగరడం, ఆ సంగతి. జిగురులో బొగ్గుపొడి కలిపి రాడార్ తరంగాల్ని పీల్చేద్దామనుకున్నాం అని డిజైనర్ రైమార్ హోర్టెన్ చెప్పింది ఎప్పుడనుకున్నారు, 1983లో! అప్పటికి మూడేళ్ళ ముందే అమెరికా రక్షణ మంత్రి హరాల్డ్ బ్రౌన్ స్టెల్త్ గురించి బయటికి చెప్పేశాడు, అందరి నోటా అదే మాట. మరి అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళు తమ దగ్గరున్న వీ3 (ఈ విమానం మూడో నమూనా) చెక్కని పరీక్షిస్తే బొగ్గుపొడి కలిపినట్టు ఆధారమే దొరకలేదు. చెక్క వాడారు కదా అంటారా, హోర్టెన్ అన్నదమ్ములు గ్లైడర్లు చేసిన మనుషులు, చెక్క పని వాళ్ళకి అలవాటే, పైగా యుద్ధంలో అల్యూమినియంకి కటకట. పైగా మధ్య భాగం ఫ్రేమ్ స్టీలు గొట్టాలే, ఇంజిన్లు లోహమే, అవి రాడార్‌కి దొరికేవే.

2008లో బీ-2 తయారుచేసిన కంపెనీ నార్త్రాప్ గ్రుమ్మన్ హోర్టెన్ 229 ఫుల్ సైజు మోడల్ చేసి టెస్ట్ చేసింది. అప్పటి మామూలు జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109తో పోలిస్తే బ్రిటిష్ రాడార్‌కి కనబడే దూరం సుమారు 20 శాతం తగ్గుద్దని తేలింది. అంటే వంద మైళ్ళలో దొరికేది ఎనభైలో దొరుకుద్ది, అంతే.

బీ-2 కాపీయా? ఆ కంపెనీ మొదలుపెట్టిన జాక్ నార్త్రాప్ తోకలేని విమానం ఎన్-1ఎం 1940లోనే ఎగిరింది, హోర్టెన్ 229 మొదటి నమూనా ఎగిరింది 1944లో, అదీ ఇంజిన్ లేని గ్లైడర్‌గా. 1947లో ఎగిరిన నార్త్రాప్ జెట్ వైబీ-49 రెక్కల వెడల్పు 172 అడుగులు, బీ-2ది కూడా అంతే. ఇంట్లోనే ఉన్నదాన్ని పక్కింట్లో కాపీ కొడతారా ఎవరైనా.

ఇక గెలిచేసేవాళ్ళు అనే మాట. జెట్ ఇంజిన్లు పెట్టిన రెండో నమూనా వీ2 ఎగిరింది 1945 ఫిబ్రవరి 2న, 18న ఒక ఇంజిన్ ఫెయిలై కూలి టెస్ట్ పైలట్ ఎర్విన్ జిల్లర్ చనిపోయాడు. వీ3 పూర్తి కాకుండానే ఏప్రిల్లో అమెరికా సైన్యం చేతికి చిక్కింది. గంటకి 1000 కిలోమీటర్ల స్పీడ్ అనేది జర్మన్ వైమానిక దళం అధిపతి గోరింగ్ అడిగిన నంబరు, ఎగిరి చూపించింది కాదు. అంతెందుకు, మెస్సర్‌ష్మిట్ 262 జెట్ ఫైటర్లు 1,400 పైనే తయారుచేసి కూడా ఇంధనం లేక, పైలట్లు లేక చాలావాటిని నేలమీదే పెట్టుకున్నారు, ఇంకా పుట్టని ఈ విమానం ఏం చేసేది?