ఆర్‌ఏ ఫ్యాక్టర్ 20 దాటితే కీళ్లవాతమేనా? వాట్సాప్ మెసేజ్‌కు ఒక ల్యాబు మనిషి జవాబు

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "ఆర్‌ఏ ఫ్యాక్టర్ 20 దాటితే కీళ్లవాతం వచ్చినట్టే, 20 లోపుంటే లేనట్టే. యాంటీ సీసీపీ ల్యాబులోళ్ల దోపిడీ. నంబర్ ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు, అందుకే మూడు నెలలకోసారి చేయించుకోవాలి. వంకాయ, చింతపండు మానేసి కషాయం తాగితే నంబర్ దిగుతుంది. నెగెటివ్ రాగానే మెథోట్రెక్సేట్ ఆపేయండి, అది క్యాన్సర్ మందు, కిడ్నీలు పోతాయి."

ఇక్కడ కీళ్లవాతమంటే రుమటాయిడ్ కీళ్లవాతం, మన రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసి వాచేలా చేసే జబ్బు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ దానికోసం చేసే రక్తపరీక్షలు, మెథోట్రెక్సేట్ దానికి వాడే మందు. నేను హనుమకొండలో ల్యాబులో పనిచేస్తాను. ఆ నంబర్లు రిపోర్టు మీదికి ఎక్కించేది మాలాంటివాళ్లమే. ఆ కాగితం పట్టుకుని మందులు ఆపేసినవాళ్లనూ, అవసరం లేని మందులు మింగుతున్నవాళ్లనూ చూస్తున్నాను కాబట్టి ఈ మెసేజ్‌ను ఊరికే వదలదల్చుకోలేదు. ఇందులో అక్కడక్కడా సగం నిజం ఉంది. జనం నమ్మేది ఆ సగాన్ని చూసే.

"20 దాటితే కీళ్లవాతం వచ్చినట్టే." ఇది తప్పు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ అంటే రుమటాయిడ్ ఫ్యాక్టర్. జబ్బులతో పోరాడటానికి మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలకే ఎదురు తిరిగే ఇంకో యాంటీబాడీ అది. 1940లో నార్వేలో ఎరిక్ వాలర్, 1948లో అమెరికాలో హ్యారీ రోజ్ దీన్ని బయటపెట్టారు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో నూటికి 70 మంది దాకా ఇది కనిపిస్తుంది. కానీ వాళ్లలోనే కనిపిస్తుందని ఎవరూ చెప్పలేదు. క్షయ, కుష్ఠు, హెపటైటిస్ సి, గుండె కవాటాలకు పట్టే ఇన్ఫెక్షన్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, చర్మం, కీళ్లు, కిడ్నీలకు పట్టే లూపస్... వీటన్నిట్లోనూ రావచ్చు. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనూ నూటికి ఐదుగురి దాకా ఉంటుంది, వయసు మీదపడ్డవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఊళ్లో వెయ్యి మంది పెద్దవాళ్లకు వరసపెట్టి ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేశామనుకుందాం. మన దేశంలో ఈ జబ్బు నూటికి ఒక్కరికంటే తక్కువ మందికే ఉంటుంది. వెయ్యిలో ఏడుగురు అనుకుందాం. వాళ్లలో ఐదుగురికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని మిగతా 993 మందిలో నూటికి ఐదు చొప్పున దాదాపు 50 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే చేతిలో పాజిటివ్ కాగితం పట్టుకున్న 55 మందిలో అసలు జబ్బున్నది ఐదుగురికే. ఒళ్లు నొప్పులన్న ప్రతివాళ్లకూ "కీళ్లవాతం ప్యాకేజీ" పరీక్షలు రాసేస్తే జరిగేది ఇదే. నడుంనొప్పితో వచ్చిన మనిషి రిపోర్టులో 32 అని చూసుకుని, ఇక కాళ్లూ చేతులూ వంకరపోతాయని ఇంటికెళ్లి ఏడుస్తుంది. ఆ పైన ఎవరో స్టెరాయిడ్ సూది మొదలుపెడతారు.

చికున్‌గున్యా సంగతి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2006లో ఊళ్లకు ఊళ్లే మంచాన పడ్డాయి. ఆ జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి వేళ్లు, మణికట్లు, చీలమండలు వాచి నొప్పి పెట్టడం మామూలు. అచ్చం రుమటాయిడ్‌లాగే ఉంటుంది, కొందరికి కొన్నాళ్లపాటు ఆర్‌ఏ ఫ్యాక్టర్ కూడా పాజిటివ్ రావచ్చు. నొప్పులకు ముందు జ్వరమొచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడగకుండా కాగితం చూసి జబ్బు పేరు పెడితే ఏళ్లపాటు మందులు మింగాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. చిన్న ల్యాబుల్లో చాలాచోట్ల ఈ పరీక్ష నల్ల పలక మీద చేస్తారు. రక్తం నుంచి వేరుచేసిన సీరం ఒక చుక్క, పక్కనే ఒక చుక్క పాలలాంటి లేటెక్స్ మందు, పుల్లతో రెండూ కలిపి పలకను అటూ ఇటూ వంచుతూ రెండు నిమిషాల్లో చూడాలి. సన్నని పలుకులు కట్టి విరిగినట్టయితే పాజిటివ్, అలాగే పాలలా ఉంటే నెగెటివ్. రద్దీలో పలక పక్కన పెట్టి ఐదు నిమిషాల తర్వాత చూస్తే చుక్క అంచుల్లో ఆరిపోయి, ఏమీ లేకున్నా పలుకులు కట్టినట్టే కనిపిస్తుంది. కాబట్టి చుక్క పరీక్షలో వచ్చిన ఒక్క పాజిటివ్‌ను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

"20 లోపుంటే లేనట్టే." నా దృష్టిలో మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసే మాటల్లో ఇదొకటి.

కోరుట్ల వైపు నుంచి చుట్టాలింటికి వచ్చిన ఒకామె మా కౌంటర్ దగ్గర నిలబడి పాత రిపోర్టు చూపించింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ 9. "నెగెటివేనట సారూ, నీకేం లేదన్నరు. మరి పొద్దుగాల లేస్తే పిడికిలి వడ్తలేదు. బీడీ చుట్టినంక దారం కట్టరాదు. పదకొండు గొడితే గని వేళ్లు సాగుతలేవు" అంది. రెండు చేతుల్లోనూ చూపుడువేలు, నడిమివేలు మొదళ్లు ఉబ్బి, పిడికిలి బిగిస్తే కనిపించాల్సిన కణుపుల మధ్య గుంటలు పూడిపోయి ఉన్నాయి. "అక్కా, ఈ కాగితం సంచిలో పెట్టు, చేతులు కీళ్ల డాక్టర్‌కు చూపియ్యి" అన్నాను. మా జిల్లాల్లో బీడీలు చేసే ఆడవాళ్లకు వేళ్ల నొప్పి అంటే పనివల్లే అనుకుంటారు, ఆ పైన ఒక నెగెటివ్ రిపోర్టు తోడైతే ఇక ఎవరూ పట్టించుకోరు. పనివల్ల వచ్చే నొప్పి చేతులకు విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. రుమటాయిడ్‌లో వేళ్లు బిగుసుకుపోవడం అందుకు తలకిందులు: రాత్రంతా పడుకుని లేచాకే ఎక్కువ, గంటకు పైగా ఉండి, కదిలించే కొద్దీ సడలుతుంది.

రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివే. జబ్బు మొదలైన కొత్తలో నెగెటివ్ రావడం మరీ సాధారణం. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ల జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి ఒక మార్కుల పట్టిక తయారుచేశాయి. కనీసం ఒక్క కీలైనా నిజంగా వాచి ఉండాలి, ఆ వాపుకు వేరే కారణం దొరకకూడదు, ఆ తర్వాతే మార్కులు. మొత్తం 10కి 6 రావాలి. పట్టుకున్న కీళ్లకు 5 దాకా, యాంటీబాడీలకు 3 దాకా, ఒంట్లో వాపు ఉందో లేదో చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ పెరిగి ఉంటే 1, ఆరు వారాలు దాటితే 1. చిన్నవీ పెద్దవీ కలిపి పదికి పైగా కీళ్లు పట్టుకుని, ఆరు వారాలు దాటి, సీఆర్పీ పెరిగి ఉంటే యాంటీబాడీలకు సున్నా వచ్చినా 7 అవుతుంది. ఇటు నుంచి చూస్తే, ఆర్‌ఏ ఫ్యాక్టర్ వెయ్యి వచ్చినా దానికి దక్కేవి 3 మార్కులే. ఆ పట్టిక అసలు పరిశోధనల్లో రోగులను వర్గీకరించడానికి తయారుచేసిందే అయినా, ఏ ఆధారానికి ఎంత బరువివ్వాలో దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

"యాంటీ సీసీపీ దోపిడీ." ఖర్చు ఎక్కువన్నది నిజమే, ఆర్‌ఏ ఫ్యాక్టర్ కంటే కొన్ని రెట్లు. పనికిరాదన్నది అబద్ధం.

మన ప్రొటీన్లలో ఆర్జినిన్ అనే భాగాన్ని ఒక ఎంజైమ్ సిట్రులిన్‌గా మారుస్తుంది. ఇది అందరి ఒంట్లోనూ జరిగేదే. కొందరి రోగనిరోధక శక్తి మాత్రం అలా మారిన ప్రొటీన్‌ను పరాయిదనుకుని దాని మీదికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. కీళ్లవాతం రోగుల రక్తంలో ఏదో కొత్త యాంటీబాడీ ఉందని 1964లోనే నెదర్లాండ్స్‌లో గమనించారు. అది పట్టుకునేది సిట్రులిన్‌నే అని తేలడానికి 1998 దాకా పట్టింది. ఆ తర్వాతే ఇప్పుడు మనం చేస్తున్న సీసీపీ పరీక్ష వచ్చింది. జబ్బున్నవాళ్లను పట్టివ్వడంలో ఇది ఆర్‌ఏ ఫ్యాక్టర్‌కు అటూ ఇటూగానే ఉంటుంది, మూడింట రెండొంతుల మందిని చూపిస్తుంది. లేనివాళ్లకు ఉందని చెప్పకపోవడంలో దీని బలం ఉంది. వేరే కీళ్ల జబ్బులున్నవాళ్లను కలుపుకుని చూసినా, రుమటాయిడ్ లేనివాళ్లలో నూటికి 95 మందికి నెగెటివే వస్తుంది. హెపటైటిస్ సి ఉండి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చినవాళ్లలో చిక్కుముడి విప్పేది చాలాసార్లు ఇదే. క్షయ బాగా ముదిరి ఉన్నప్పుడు మాత్రం ఇది కూడా తప్పుగా పాజిటివ్ రావచ్చు, మన దగ్గర ఆ సంగతి మరిచిపోకూడదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ అయినా, యాంటీ సీసీపీ అయినా, ఈ యాంటీబాడీలు నొప్పి కంటే ముందే పుడతాయి. నెదర్లాండ్స్‌లో తర్వాత కీళ్లవాతం బారినపడ్డ రక్తదాతల పాత నమూనాలు తీసి చూశారు. 2004లో ఆ ఫలితాలు వచ్చాయి. దాదాపు సగం మందికి నొప్పులు మొదలయ్యే ముందే రెండింట్లో ఏదో ఒక యాంటీబాడీ ఉంది, సగటున నాలుగున్నరేళ్ల ముందు నుంచి. అలాగని నొప్పీ వాపూ లేనివాళ్లు ముందుజాగ్రత్త పేరుతో ఈ పరీక్ష చేయించుకోవాల్సిన పని లేదు. పాజిటివ్ వచ్చిన అందరికీ జబ్బు రాదు. వాపున్నవాళ్లకు ఒక్కసారి చేస్తే చాలు.

"నంబర్ ఎంత పెరిగితే జబ్బు అంత ముదిరినట్టు." సగం నిజమంటే ఇదే.

మొదట్లో చేసిన పరీక్షలో యాంటీబాడీలు పైహద్దుకు మూడు రెట్లకు మించి ఉంటే, అందులోనూ రెండూ పాజిటివ్ అయితే, ముందుముందు ఎముక అంచులు తినేసుకుపోయే ముప్పు ఎక్కువ. మోచేతుల దగ్గర గడ్డలు, ఊపిరితిత్తులు గట్టిపడటం లాంటివీ వీళ్లలోనే ఎక్కువ. ఎముకలకు నష్టం మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది కాబట్టి డాక్టర్ ఇలాంటివాళ్లకు మందు గట్టిగా, త్వరగా మొదలుపెడతారు. భవిష్యత్తు గురించి ఆ నంబర్ చెప్పేది అంతవరకే. ఈ నెల జబ్బు ఎలా ఉందో అది చెప్పదు. 180 ఉన్న మనిషి మందులు వాడుతూ హాయిగా పొలం పని చేసుకోవచ్చు, 40 ఉన్న మనిషి చెంబు ఎత్తలేకపోవచ్చు. పైగా ల్యాబుకో కిట్టు, కిట్టుకో హద్దు, ఒకచోట 14 అయితే ఇంకోచోట 20. హనుమకొండలో వచ్చిన 60ని కరీంనగర్‌లో వచ్చిన 85తో పోల్చి జబ్బు పెరిగిందనడానికి లేదు.

జబ్బు అదుపులో ఉందా లేదా అన్నది వాచిన కీళ్లు లెక్కపెట్టి, ఈఎస్ఆర్, సీఆర్పీ చూసి చెబుతారు. మందు ఒంటికి పడుతోందో లేదో చూడటానికి రక్తకణాల లెక్క, లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది) పరీక్షలు చేస్తారు. మూడు నెలలకోసారి డబ్బు పెట్టాలంటే వీటికి పెట్టండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్‌కు మళ్లీ మళ్లీ పెట్టే ప్రతి రూపాయీ వృథా, ల్యాబులో ఉండే చెబుతున్నాను.

"వంకాయ, చింతపండు మానేస్తే నంబర్ దిగుతుంది." దీనికి ఆధారం లేదు. పచ్చిపులుసు తాగితే యాంటీబాడీలు పెరగవు, మానేస్తే తగ్గవు. నిజంగా మానాల్సింది పొగ. బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా సరే. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో ప్రొటీన్లు సిట్రులిన్‌గా మారడం పెరుగుతుందనీ, కొన్ని రకాల జన్యువులున్నవాళ్లలో యాంటీ సీసీపీ ఉన్న కీళ్లవాతం ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందనీ 2006లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. మెసేజ్‌లో పొగ గురించి ఒక్క మాట లేదు. కషాయం తాగిన రెండు రోజులకే నొప్పులు మాయమయ్యాయంటే సంతోషపడకండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మినట్టు పరీక్షల్లో బయటపడ్డ సందర్భాలున్నాయి.

"నెగెటివ్ రాగానే మెథోట్రెక్సేట్ ఆపేయండి." ప్రాణాల మీదికి, కీళ్ల మీదికి తెచ్చే మాట.

మందు పనిచేస్తుంటే కొందరిలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ తగ్గుతుంది, అప్పుడప్పుడు నెగెటివ్ కూడా అవుతుంది. అది మందు చేస్తున్న పని. ఆపేస్తే చాలామందికి వాపులు తిరగబడతాయి. ఇక క్యాన్సర్ మందంటారా, అవును, క్యాన్సర్‌కూ వాడతారు, కొన్ని రకాలకు ఏకంగా గ్రాముల లెక్కన. కీళ్లవాతానికి ఇచ్చేది వారానికి ఒక్కసారి, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపు, తోడుగా ఫోలిక్ యాసిడ్. కిడ్నీలు ముందే దెబ్బతిని ఉంటే ఈ మందు ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టే క్రియాటినిన్ చూసి ఇస్తారు. కిడ్నీల గురించి భయపడాల్సింది రోజూ రెండుపూటలా మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలకు. ఈ మందుతో ఉన్న అసలు ప్రమాదాన్ని మెసేజ్ చెప్పనే లేదు. వారానికొక్కసారి వేసుకోవాల్సిన గోలీని రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. చదువురాని అమ్మమ్మకైతే వారంలో ఏ రోజు వేయాలో క్యాలెండర్ మీద గుర్తుపెట్టి, ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. మద్యం కూడదు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

ఈ మెసేజ్ చూసి ఇప్పటికే మందు ఆపేసినవాళ్లు పాత మోతాదులో సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి. రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని మందు రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఆయన అందుబాటులో లేకపోతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ ఉంది, హైదరాబాద్ వెళ్లగలిగితే నిమ్స్‌లో రుమటాలజీ విభాగమే ఉంది. జబ్బు బయటపడ్డప్పుడు చేసిన మొట్టమొదటి ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీసీపీ రిపోర్టు వెతికి తీసుకెళ్లండి. ఆ రెండు పరీక్షలూ మళ్లీ చేయించనక్కర్లేదు.