పిస్టల్ మ్యాగజైన్‌లో స్ప్రింగ్ కంటే పెదవులే ముఖ్యం
పిస్టల్‌కు తూటాలు అందించే పెట్టె, అంటే మ్యాగజైన్‌ను నింపి ఉంచితే లోపలి స్ప్రింగ్ చచ్చుబడిపోతుందని ఒక వ్యాసంలో రాశారు, అది పూర్తిగా సరికాదు. మంచి స్ప్రింగ్ నొక్కి ఉన్నందుకు అంతగా అరగదు. పదేపదే నింపి ఖాళీ చేయడం వల్లే ఎక్కువ బలహీనపడుతుంది. ఆఖరి తూటా పేలాక పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లైడ్ వెనకే ఆగకపోయినా, తూటా ముక్కు కిందికి వాలి దాన్ని బ్యారెల్‌లోకి నడిపే వాలుకు (ర్యాంప్‌కు) గుద్దుకున్నా మొదట స్ప్రింగ్‌నే అనుమానించాలి. మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. అసలు చూడాల్సింది పైన తూటాను పట్టి ఉంచే రెండు పెదవులను. గట్టి నేలపై పడితే అవి వంగుతాయి, విచ్చుకుంటాయి. అప్పుడు తూటా ముందే జారిపోతుంది, లేదా ఒకేసారి రెండు పైకొస్తాయి. వంగినవాటిని శ్రావణంతో సరిచేయడం దండగ, ఆ మ్యాగజైన్‌ను పక్కన పడేయడమే మేలు. కెపాసిటీ మోజూ అంతే: 1911 అనే మోడల్ పిస్టల్‌కు మొదటినుంచీ 7 తూటాలు, అదే పొడవు గొట్టంలో 8 ఇరికిస్తే స్ప్రింగ్‌కు చోటు తగ్గుతుంది. పిస్టల్ తయారీదారు మ్యాగజైన్‌తోనే మొదలుపెట్టండి. ప్రతిదానికీ అడుగున నంబరు రాసుకోండి, అప్పుడు జామ్ అయ్యేది పిస్టలో, మూడో నంబరు మ్యాగజైనో ఇట్టే తెలుస్తుంది. లోపల మాత్రం నూనె వేయకండి, దుమ్ము పట్టి, తూటాలను పైకి నెట్టే పలక (ఫాలోవర్) ఇరుక్కుంటుంది.